మంచి పనివాడు రాజీనామా కాగితం ఇచ్చాక కాదు, ముందే ఏం మాట్లాడాలి?

బొబ్బిలి_మెషిన్‌షాప్

అందరికీ నమస్కారం. బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో చిన్న మెషిన్ షాప్ నడుపుతున్నాను. కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే మెషిన్లు మూడు (రెండు సీఎన్‌సీ టర్నింగ్ సెంటర్లు, ఒక వీఎంసీ), కొన్ని పాత లేత్‌లు ఉన్నాయి. మొత్తం ఇరవై మందిమి. చుట్టుపక్కల ఫెర్రో ఎల్లాయ్ యూనిట్లకీ, రైస్ మిల్లులకీ షాఫ్టులు, బుష్‌లు చేసి ఇస్తాం.

ఐటీఐ మెషినిస్ట్ చదివి మా దగ్గర అప్రెంటిస్‌గా చేరిన కుర్రాడొకడు ఇప్పుడు షాపులో అందరికంటే మంచి సెట్టర్, అంటే మెషిన్‌ని జాబ్‌కి సిద్ధం చేసేవాడు. డ్రాయింగ్ చేతికిస్తే ప్రోగ్రామ్ తనే రాసుకుంటాడు, ఆఫ్‌సెట్ (టూల్ కొలత సవరణ) తనే సరిచేసుకుంటాడు. అతను చేసిన జాబ్ వెనక్కి రావడం చాలా అరుదు. ఈ నెలాఖరుకి మానేస్తానని నిన్న చెప్పాడు. ఎందుకని అడిగితే "ఏం లేదండి, ఇంటి దగ్గర కొంచెం ఇబ్బంది" అన్నాడు. విశాఖ ఆటోనగర్‌లో చేరుతున్నాడని తోటివాళ్లు చెప్పారు.

జీతం ఏడో తేదీ దాటనివ్వను. పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) ప్రతి నెలా కడతాను. దసరాకి బోనస్ ఇస్తాను. ఎవరినీ ఒక మాట అనను. అయినా పని బాగా వచ్చినవాళ్లే ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోతున్నారు. విశాఖలో ఇచ్చే జీతం నేను ఇవ్వలేను, అదీ నిజమే. జీతం ఒక్కటే కారణమైతే నేను చేయగలిగింది లేదు. కానీ అదొక్కటే కాదేమోనని అనుమానం. మీలో యూనిట్లు నడిపేవాళ్లు, ఉద్యోగాలు చేసేవాళ్లు ఉన్నారు కదా, దాచకుండా చెప్పండి.

గరివిడి_పర్సనల్

పర్సనల్ డిపార్ట్‌మెంట్‌లో చాలా ఏళ్లు పని చేసి రిటైరయ్యాను. ఇంటి దగ్గర ఇబ్బంది అనే కారణం వేల రాజీనామా కాగితాల్లో చదివాను. మన జిల్లాల్లో పిల్లలు అలాగే చెబుతారు. అన్నం పెట్టిన మనిషి ముఖం మీద ఫలానాది నచ్చలేదని అనలేరు. రేపు విశాఖలో కుదరకపోతే మళ్లీ మీ గేటు దగ్గరికే రావాలన్న ఆలోచన కూడా ఉంటుంది. కాబట్టి అతను అబద్ధమాడాడని బాధపడకండి.

వెళ్లేవాణ్ణి "ఎందుకు వెళ్తున్నావు?" అని అడిగితే ఏమీ రాదు. "నీ స్థానంలోకి వచ్చేవాడు ఇబ్బంది పడకుండా ఉండాలంటే నేను ఏం మార్చాలి?" అని అడిగి చూడండి. అది తన గురించి ఫిర్యాదులా ఉండదు కనక నోరు విప్పుతాడు.

అంతకంటే ముఖ్యమైనది, ఉన్నవాళ్లతో ఇప్పుడే మాట్లాడటం. ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడాలి, ఆఫీసు గదిలో కాదు, ఫోర్‌మన్ వినేచోట అసలే కాదు. ఈ నెలలో ఏ పని దగ్గర విసుగొచ్చింది? రెండేళ్ల తర్వాత ఏ మెషిన్ మీద ఉండాలనుకుంటున్నావు? నేను చేస్తున్న పనుల్లో ఏది ఆపేస్తే నీకు సులువు? ఈ మూడూ అడిగి ఊరుకోండి. మొదటిసారి "అంతా బాగానే ఉందండి" అంటారు. రెండోసారీ అదే అంటారు. ఆపేయకండి. మొదట చెప్పిన చిన్న విషయం, మంచినీళ్ల ఫిల్టరో, బాత్రూమ్ లైటో, వారంలో బాగైతే పెద్ద విషయం దానంతటదే బయటికి వస్తుంది.

ఆటోనగర్‌లో_ఉంటున్నా

సార్, నేను మీ షాపువాణ్ణి కాదు, కానీ ఆ కుర్రాడిలాగే వెళ్లిపోయినవాణ్ణి. మాది చీపురుపల్లి దగ్గర. ఊళ్లో ఉండి పని చేసినప్పుడు నాకు 17,000. ఇక్కడ 23,000. వినడానికి పెద్ద తేడా. గదిలో నా వాటా అద్దె 3,000, మెస్ 4,000, ఇంటికి రానూపోనూ ఛార్జీలు, చిల్లర కలిపి ఇంకో 1,200. చేతిలో మిగిలేది 14,800. ఊళ్లో ఉన్నప్పుడు అమ్మ వండిన అన్నం తిని బైక్ మీద వెళ్లేవాణ్ణి, పెట్రోలు పోగా ఇంతకంటే కొంచెం ఎక్కువే మిగిలేది. ఈ లెక్క నాకు వెళ్లే ముందే తెలుసు. మా స్నేహితులకీ తెలుసు. అయినా వెళ్లాం.

ఎందుకంటే, ఏటా జీతం పెంచే సమయానికి "పండగ వెళ్లనీ, మాట్లాడదాం" అనేవారు. ఏ పండగో తెలియదు. సంక్రాంతి వెళ్తుంది, ఉగాది వెళ్తుంది. ఎంత పెరుగుతుందో, ఎప్పుడు పెరుగుతుందో, అసలు పెరుగుతుందో లేదో ఎవరూ చెప్పరు. ఒకరోజు టీ కొట్టు దగ్గర తెలిసింది, నేను పని నేర్పిస్తున్న కొత్తవాడికి నాకంటే 1,500 ఎక్కువ అని. అతను బయట నుంచి వచ్చాడు కాబట్టి అడిగినంత ఇచ్చారట. ఆ 1,500 గురించి కాదు సార్ నా బాధ. అతనికి సెట్టింగ్ నేర్పించమని నాకు చెప్పినరోజే ఆ విషయం కూడా నాతో చెప్పి, "ఇప్పుడింతే ఇవ్వగలను, ఏప్రిల్ నుంచి నిన్ను సరిచేస్తాను" అని ఉంటే నేను ఇంకా అక్కడే ఉండేవాణ్ణి. నా ముందు రోజూ నవ్వుతూ తిరిగి, ఆ విషయం దాచారనిపించింది. ఆ తర్వాత ఆయన ఏం చెప్పినా నమ్మబుద్ధి కాలేదు.

ఇక్కడ యజమాని కోపిష్టి. అరుస్తాడు. కానీ ఎవరికి ఎంతో, ఏ పని వస్తే ఎంత పెరుగుతుందో గోడ మీద కాగితం అతికించి ఉంటుంది. థ్రెడింగ్, బోరింగ్ సొంతంగా సెట్ చేస్తే ఇంత, ప్రోగ్రామ్ రాస్తే ఇంత. ఆ కాగితం చూసుకుని నేర్చుకుంటున్నాను.

రణస్థలం_మెయింటెనెన్స్

అందరూ మాటల గురించే చెబుతున్నారు. కడుపు నింపేది జీతం. హైవే పక్కన పెద్ద పరిశ్రమలు వచ్చాక, భోగాపురం విమానాశ్రయం పనులు మొదలయ్యాక మంచి ఎలక్ట్రీషియన్, మంచి వెల్డర్ దొరకడం ఎంత కష్టమైందో నాకు తెలుసు. ఎక్కువిచ్చినచోటికి వెళ్తారు, అందులో తప్పేముంది?

ఫోర్డ్ కథ అందరూ చదవాలి. 1913లో హెన్రీ ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో మానేసేవాళ్ల రేటు 370 శాతం. అంటే దాదాపు 14 వేల మందిని పనిలో నిలుపుకోవడానికి ఏడాదిలో 52 వేల మందికి పైగా చేర్చుకోవాల్సి వచ్చింది. అసెంబ్లీ లైన్ పని అంత విసుగ్గా ఉండేది. 1914 జనవరిలో రోజుకి 8 గంటల పని, 5 డాలర్ల కూలి అని ప్రకటించాడు. అంతకు ముందు ఇచ్చేదానికి అది రెట్టింపు కంటే ఎక్కువ. మానేయడం ఒక్కసారిగా తగ్గిపోయింది. ఆయన ఎవరినీ పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడలేదు, డబ్బు పెట్టాడు.

బొబ్బిలి సార్ ముందు తన మెషిన్ గంట రేటు ఎంతో, అందులో ఆపరేటర్‌కి ఎంత వెళ్తోందో చూసుకోవాలి. ఆ తర్వాతే మిగతావి.

గరివిడి_పర్సనల్

రణస్థలం గారూ, జీతం బతకడానికి చాలనప్పుడు మాటలు పనికిరావన్నది నిజం. నేను పని చేసినచోట కూడా వేతన ఒప్పందం ఆలస్యమైన ఏడాది ఏ మీటింగ్ పెట్టినా ఎవరూ వినలేదు. కానీ ఫోర్డ్ కథలో ఇంకో సగం ఉంది. ఆ 5 డాలర్లలో సగం లాభాల వాటా పేరుతో ఇచ్చేవారు. అది ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి కంపెనీ సోషియలాజికల్ డిపార్ట్‌మెంట్ అని ఒకటి పెట్టింది. దాని మనుషులు పనివాళ్ల ఇళ్లకి వెళ్లి, తాగుతున్నారా, పొదుపు చేస్తున్నారా, ఇల్లు శుభ్రంగా ఉందా అని చూసేవారు. డబ్బు నిలబెట్టింది, ఆ నిఘా మాత్రం చాలామందికి మింగుడుపడలేదు.

దానికి పూర్తిగా వేరే దారి, చికాగో దగ్గర హాథోర్న్‌లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీ చేసింది. 1928 నుంచి రెండేళ్లలో 20 వేల మందికి పైగా ఉద్యోగులతో ఒక్కొక్కరిగా మాట్లాడారు. మొదట్లో తయారుగా పెట్టుకున్న ప్రశ్నలు అడిగేవారు. జనం వాటికి జవాబు చెప్పి వెంటనే వేరే విషయంలోకి వెళ్లిపోయేవారు. అప్పుడు ప్రశ్నలు పక్కన పెట్టి, వాళ్లకి నచ్చింది చెప్పనివ్వడం మొదలుపెట్టారు. విన్నవాటిని పేర్లు లేకుండా సూపర్‌వైజర్ల శిక్షణలో వాడుకున్నారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పెద్దసారు ఈ సంగతి చెప్పి, "ప్రశ్న తక్కువగా అడుగు, ఎక్కువగా విను" అనేవారు.

రాజాం_విద్యాసంస్థ

మేం ఈ తలనొప్పులన్నీ పడి పడి ఒక పద్ధతి పెట్టుకున్నాం. చేరేటప్పుడే రెండేళ్ల బాండ్, ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర. శిక్షణ ఇచ్చేది మనం, ఫలితం వేరేవాళ్లు అనుభవించడం ఎందుకు? బొబ్బిలి గారు కూడా అదే చేయాలి.

శ్రీకాకుళం_సిస్టర్

రాజాం గారూ, మీ మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

నేను స్టాఫ్ నర్సుని. ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో నా జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) సర్టిఫికెట్లు చేరినరోజే తీసుకున్నారు. ఆ తర్వాత నన్ను నిలబెట్టుకోవడానికి వాళ్లు ఇంకేమీ చేయనక్కర్లేదనుకున్నారు. ఐసీయూలో ఇద్దరు చూడాల్సిన పేషెంట్లని ఒక్కదాన్నే చూసిన రాత్రులు ఉన్నాయి. డ్యూటీ చార్ట్ ముందురోజు సాయంత్రం వాట్సాప్‌లో వచ్చేది. పాప స్కూల్ మీటింగ్‌కి వెళ్లాలన్నా ఎవరినో బతిమాలుకోవాలి. ఏదైనా చెబితే "మీ సర్టిఫికెట్లు తీసుకుని వెళ్లొచ్చు" అని బెదిరింపు, నిజంగా అడిగితే ఇవ్వరు. కాగితాలు వాళ్ల బీరువాలో ఉన్నాయి కాబట్టి ఒంట్లో శక్తి ఉన్నంతవరకూ ఉన్నాను. పని మీద మనసు మాత్రం ఎప్పుడో పోయింది. అలాంటి నర్సు చేతిలో పేషెంట్ ఉండటం ఎవరికైనా మంచిదేనా?

ఇప్పుడున్న చోట జీతం పెద్దగా ఎక్కువ కాదు. మా నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ నెల డ్యూటీ చార్ట్ 25వ తేదీకల్లా పెడతారు. పెట్టే ముందు ఎవరికి ఏ రోజు కావాలో పుస్తకంలో రాయమంటారు. ఇద్దరు ఒకే రోజు అడిగితే పిలిచి, "నువ్వు పోయినసారి తీసుకున్నావు, ఈసారి ఆమెకి ఇద్దాం" అని ఇద్దరి ముందే తేలుస్తారు. పేషెంట్ బంధువులు మా మీద అరిస్తే ముందు వచ్చి నిలబడతారు. తప్పు మాదైతే తర్వాత గదిలోకి పిలిచి చెబుతారు, వార్డులో అందరి ముందూ అనరు. ఆవిడ కింద పని చేసేవాళ్లలో మానేసేవాళ్లు చాలా తక్కువ. మా సర్టిఫికెట్లు మా ఇళ్లలోనే ఉన్నాయి.

వేదిక_నిర్వాహకులు

చర్చ బాగుంది, కొనసాగించండి. సంస్థల పేర్లు, వ్యక్తుల పేర్లు మాత్రం రాయవద్దు.

విజయనగరం_పీఎఫ్_కన్సల్టెంట్

బాండ్ గురించి కొంచెం స్పష్టంగా చెప్పుకోవాలి. 1872 నాటి ఒప్పందాల చట్టం 27వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగం మానేశాక మరోచోట పని చేయకూడదని కట్టడి చేసే ఒప్పందం చెల్లదు. కానీ ఉద్యోగంలో ఉన్న కాలానికి, ఇంతకాలం పని చేయాలి, మధ్యలో వెళ్తే ఇంత కట్టాలి అనే షరతుని కోర్టులు అన్నిసార్లూ కొట్టేయడం లేదు. విజయా బ్యాంకు కేసులో మూడేళ్లు నిండకుండా మానేసిన అధికారి 2 లక్షలు కట్టాలన్న షరతుని సుప్రీంకోర్టు 2025 మేలో సమర్థించింది. అది అఖిల భారత స్థాయి పరీక్షలు పెట్టి నియామకాలు చేసే బ్యాంకు విషయం. ఇరవై మంది షాపులో ఐటీఐ కుర్రాడి మీద అదే వాడతాననుకోవడం సరికాదు. ఇక సర్టిఫికెట్లు ఆ మనిషి సొత్తు. వాటిని తాకట్టులా పెట్టుకోమని నేను ఏ క్లయింటుకీ చెప్పను.

నేను చూసే చిన్న యూనిట్లలో చాలా గొడవలు కాగితం అర్థం కాకపోవడం వల్ల వస్తున్నాయి. ఒక ఉదాహరణ. ఈఎస్ఐ పరిమితి నెలకి 21,000. ఒక యజమాని మంచి పనివాడికి 20,500 నుంచి 21,500కి పెంచాడు. అతను సంతోషించాడు. కొన్నాళ్లకి కొత్త కాంట్రిబ్యూషన్ పీరియడ్ (చందా లెక్కించే ఆరు నెలలు) మొదలైంది, అతని పేరు ఈఎస్ఐ నుంచి తీసేశారు. ఆ సమయంలోనే భార్య ప్రసవం. వెయ్యి ఇచ్చి వైద్యం లాగేసుకున్నారని అతనికి అనిపించింది. నిజానికి యజమాని చట్టం ప్రకారమే చేశాడు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అని రెండు పీరియడ్లు ఉంటాయి. మధ్యలో జీతం పరిమితి దాటినా ఆ పీరియడ్ చివరివరకూ చందా కట్టాలి, తర్వాత బయటికి వచ్చేస్తారు. జీతం పెంచే ముందే ఈ విషయం కూర్చోబెట్టి చెప్పి, బదులుగా ఆరోగ్య బీమా ఏదైనా చూద్దామా అని అడిగి ఉంటే ఆ ఇంట్లో అంత టెన్షన్ ఉండేది కాదు.

గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు చేసిన సర్వీసుకి ఇచ్చే మొత్తం, కూడా అంతే. ఐదేళ్లు నిండిన శాశ్వత ఉద్యోగికి, ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున, నెలని 26 రోజులుగా లెక్కించి ఇస్తారు. బేసిక్, డీఏ కలిపి 20,000 ఉంటే ఐదేళ్లకి సుమారు 57,690 రూపాయలు. నాలుగేళ్లు దాటిన కుర్రాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. బొబ్బిలి గారూ, మీ సెట్టర్ చేరి ఎన్నేళ్లయింది? దగ్గర్లో ఉంటే ఆ లెక్క అతనికి చూపించడం మీ బాధ్యత, అతను ఆగినా ఆగకపోయినా.

పలాస_జీడిపప్పు

మాది పలాస. మా అత్తగారి కాలం నుంచి జీడిపప్పు యూనిట్. మీ మెషిన్ షాపుకీ మాకూ పోలిక లేదనిపించవచ్చు, మా దగ్గర అంతా ఆడవాళ్లే, తీసిన పప్పుని బట్టి కూలి. కానీ మాకూ నైపుణ్యం అంటే ప్రాణం. పిక్క కోసేటప్పుడు, పై తొక్క తీసేటప్పుడు చేయి తిరిగినామె దగ్గర పప్పు విరగదు. విరిగి బద్ద అయితే రేటు పడిపోతుంది. డబ్ల్యూ 320 అంటే పౌండుకి 300 నుంచి 320 పప్పులు తూగే రకం, డబ్ల్యూ 240 అంతకంటే పెద్దది. ఆ తేడా కంటితో చూసి పక్కకి తీసే గ్రేడింగ్ మనిషి మానేస్తే కొత్తామె తయారవడానికి నెలలు పడుతుంది. ఈలోపు వ్యాపారి సరుకు వెనక్కి పంపుతాడు.

ఇక్కడ ఒక యూనిట్ నుంచి పక్క యూనిట్‌కి మారడం చాలా తేలిక. గోడ దూకినంత దగ్గర. కిలోకి ఒక రూపాయి ఎక్కువిస్తామంటే వెళ్లిపోయేవారు. నేను బాధ్యత తీసుకున్నాక సీనియర్లు నలుగురిని ఇంటికి పిలిచి భోజనం పెట్టి అడిగాను. రూపాయి సంగతి తర్వాత మాట్లాడారు. ముందు వచ్చినది కాటా. తూకం వేసేటప్పుడు అంకెలు గుమాస్తా వైపు ఉంటాయి. ఆయన నోటితో చెప్పినది పుస్తకంలో రాసుకుంటాడు. "మేం తీసింది ఎంతో మాకు కనబడదమ్మా" అన్నారు. మా గుమాస్తా మోసం చేసే మనిషి కాదు. కానీ కనబడకపోతే నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

కాటా వాళ్ల వైపు తిప్పించాను. అంకె పెద్దగా కనిపించే డిస్‌ప్లే ఉన్నది కొన్నాం. తూచగానే చిన్న చీటీ, ఒకటి ఆమెకి, ఒకటి మాకు. చదువు రానివాళ్లకి అంకెలు వచ్చు, ఇంట్లో పిల్లల చేత కూడించుకుంటారు. వారం కూలి చేతికొచ్చాక గొడవ రావడం దాదాపు ఆగిపోయింది.

రెండోది, పని ఉండని రోజుల గురించి. ముడి పిక్కలు రావడం ఆలస్యమైతే యూనిట్ ఆగుతుంది. ఇదివరకు ఉదయం వచ్చి గేటు దగ్గర తాళం చూసి వెనక్కి వెళ్లేవారు, ఆటో ఛార్జీ దండగ. ఇప్పుడు స్టాకు ఎన్ని రోజులకి సరిపోతుందో శనివారం చెబుతాను. "వచ్చే గురువారం వరకే ఉంది, తర్వాత నాలుగు రోజులు ఖాళీ" అని చెప్పేస్తాను. మొదట మా వాళ్లు భయపడ్డారు, ఖాళీ అని తెలిస్తే వేరే యూనిట్‌కి పోతారని. కొందరు ఆ నాలుగు రోజులూ వెళ్లారు కూడా. మళ్లీ మా దగ్గరికే వచ్చారు. పొలం పనులకి వెళ్లాల్సినవాళ్లు ఆ రోజులకే పెట్టుకుంటున్నారు. మన ఇబ్బంది దాచకుండా చెబితే వాళ్లు చులకనగా చూస్తారనుకుంటాం. నేను చూసింది వేరు. వాళ్ల ఇంట్లో ఏ నెల ఎంత ఇబ్బందో వాళ్లూ నాకు చెప్పడం మొదలుపెట్టారు.

విజయనగరం_వర్క్‌ఫ్రమ్‌హోమ్

ఐటీలో కూడా ఇదే. గూగుల్ కంపెనీ 2008లో అసలు మేనేజర్లు అవసరమా అని తమ సొంత లెక్కలతో పరిశీలన మొదలుపెట్టింది. ప్రాజెక్ట్ ఆక్సిజన్ అని పేరు. మంచి మేనేజర్‌కి ఉండే ఎనిమిది లక్షణాలు తేలాయి. మొదటిది, కింద ఉన్నవాళ్లకి దగ్గరుండి నేర్పించడం. సాంకేతిక నైపుణ్యం ఎనిమిదోది. మన దగ్గర మాత్రం బాగా కోడ్ రాసినవాణ్ణి, బాగా మెషిన్ నడిపినవాణ్ణి తీసుకెళ్లి పైన కూర్చోబెడతాం. మనుషులతో ఎలా మాట్లాడాలో అతనికి ఎవరూ నేర్పరు.

నెల్లిమర్ల_షిఫ్ట్_ఇన్‌చార్జ్

ఆ మధ్యలో నలిగేవాణ్ణి నేనే. ఈ చర్చలో యజమాని ఉన్నాడు, పనివాడు ఉన్నాడు, మధ్యవాడి గురించి ఎవరూ అడగలేదు.

కింద ఉన్నవాడు మానేస్తే ముందు నన్నే తిడతారు, వాడితో ఎలా ఉన్నావని. కానీ జీతం ఎంత పెరుగుతుందో నాకూ చెప్పరు. కొత్త మెషిన్ వస్తోందని నాకు తెలిసేసరికి లారీ గేటు దగ్గర ఉంటుంది. కుర్రాడు "సార్, ఓటీ (ఓవర్‌టైమ్) డబ్బులు ఎప్పుడు?" అంటే నా దగ్గర జవాబు లేదు. రెండుసార్లు లేదని చెబుతాను, మూడోసారి విసుక్కుంటాను. వాడు నన్ను చూసి సంస్థ ఇంతే అనుకుంటాడు.

ఇంకోటి ఉంది. మా విజయనగరంలో సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. ఆరోజు సెలవు అడగనివాడు ఉండడు. అందరికీ ఇస్తే షిఫ్ట్ నడవదు. కూర్చుని మాట్లాడుకుని, పోయినేడాది పని చేసినవాళ్లకి ఈ ఏడాది సెలవు అని మేమే ఒక జాబితా రాసుకున్నాం. అందరూ ఒప్పుకున్నారు. తీరా ఆ వారం ఒకతను నేరుగా పెద్దాయన దగ్గరికి వెళ్లి అడిగాడు, ఆయన మంచి మనసుతో ఇచ్చేశారు. ఆరోజుతో నా జాబితాకి విలువ పోయింది. బొబ్బిలి సార్, మీరు ఎవరినీ ఒక మాట అననని రాశారు. మంచిదే. కానీ మీ ఫోర్‌మన్ కాదన్నది మీరు ఔనంటున్నారేమో చూసుకోండి. దయ చేయాలనుకుంటే ముందు ఫోర్‌మన్‌తో చెప్పి, అతని నోటితో ఔననిపించండి.

శ్రీకాకుళం_సిస్టర్

నెల్లిమర్ల అన్నయ్య చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మా మేడమ్ మాట ఆసుపత్రి డాక్టరు గారు కూడా మార్చరు. అందుకే ఆవిడ మాటకి అంత బలం.

బొబ్బిలి_మెషిన్‌షాప్

అందరికీ కృతజ్ఞతలు. ప్రతి ఒక్కటీ చదివాను, కొన్ని రెండుసార్లు.

నిన్న పార్వతీపురంలో ఒక మిల్లులో కొలతలు తీసుకోవాల్సి ఉంటే ఆ కుర్రాణ్ణి నాతో బండిలో తీసుకెళ్లాను. గరివిడి గారు చెప్పినట్టే, నీ తర్వాత వచ్చేవాడి కోసం ఏం మార్చాలని అడిగాను. వెళ్లేటప్పుడు ఏమీ చెప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు చెప్పాడు.

ఆఫీసులో కంప్యూటర్‌లో, డ్రాయింగ్ నుంచి మెషిన్ ప్రోగ్రామ్ తయారుచేసే క్యామ్ సాఫ్ట్‌వేర్ ఉంది. క్లిష్టమైన జాబ్ వస్తే బయట నుంచి ఒకతను వచ్చి దాంట్లో ప్రోగ్రామ్ చేసి వెళ్తాడు. అది నేర్చుకోవాలని ఇతనికి ఎప్పటి నుంచో ఉందట. ఫోర్‌మన్‌ని అడిగితే, ఆఫీసు కంప్యూటర్ మనకెందుకు, మెషిన్ ఖాళీగా ఉంటే సార్ ఊరుకోరు అన్నాడట. ఆ మాట నాదాకా రాలేదు. ఆటోనగర్‌లో వాళ్లు చేరిన నెల నుంచే నేర్పిస్తామన్నారు. ఇంకోటి, ఆదివారాల్లో మెషిన్ అలారం వస్తే ఫోన్ చేసేది ఇతనికే. ఎప్పుడూ ఎత్తేవాడు. దానికి ఓటీ రాయాలని మాకు ఎవరికీ తట్టలేదు, అతనూ అడగలేదు.

గ్రాట్యుటీ లెక్క కూడా చూపించాను. ఐదేళ్లకి ఇంకా ఏడాదికి పైగా ఉంది, కాబట్టి దానికోసం ఆగమని అనలేదు. విశాఖలో మాట ఇచ్చేశానండి, వెళ్లకపోతే బాగోదు అన్నాడు. అది న్యాయమే. అతను వెళ్తున్నాడు. చేసిన ఆదివారం పనికి లెక్క కట్టి ఫైనల్ సెటిల్‌మెంట్‌లో ఇస్తున్నాను.

మిగతావాళ్ల కోసం రెండు పనులు అనుకున్నాను. నెలలో మొదటి శనివారం మెషిన్లు ఒక గంట ఆపి, చేతిలో ఉన్న ఆర్డర్లు ఎన్ని, రావలసిన డబ్బు ఎక్కడ ఆగింది, వచ్చే నెల ఓటీ ఉంటుందా అన్నవి అందరికీ చెప్పడం. రెండోది, ఆటోనగర్ తమ్ముడు చెప్పినట్టు ఏ పని వస్తే ఎంత అనే పట్టిక. ఇక్కడే నాకు భయం. ఇప్పుడున్న జీతాలు ఒక పద్ధతిలో లేవు. పాతవాళ్లు కొందరికి తక్కువ, బయట నుంచి వచ్చినవాళ్లకి ఎక్కువ. పట్టిక పెడితే ఆ తేడాలన్నీ ఒక్కరోజులో బయటపడతాయి. ఏం చేయాలి?

గరివిడి_పర్సనల్

పేర్లు లేకుండా మెట్లు మాత్రమే పెట్టండి. ఎవరి జీతం ఎంతో గోడ మీద అక్కర్లేదు. కానీ పెట్టే ముందు, పట్టిక ప్రకారం తక్కువ వస్తున్నవాళ్లని ఒక్కొక్కరిని పిలిచి, "నీకు ఇంత తక్కువ వస్తోంది, ఈ ఏప్రిల్‌లో సగం, వచ్చే ఏప్రిల్‌లో మిగతాది" అని కాగితం మీద రాసి ఇవ్వండి. ఒక్కసారిగా ఇవ్వలేకపోతే ఫరవాలేదు, తేదీ మాత్రం ఉండాలి. ఎక్కువ వస్తున్నవాళ్లకి తగ్గించకండి. పని ఆ మెట్టుకి వచ్చేదాకా అక్కడే ఆగుతుందని వాళ్లకీ ముందే చెప్పండి.

రణస్థలం_మెయింటెనెన్స్

ఇది బాగుంది. డబ్బు, మాట రెండూ ఉన్నాయి. కానీ రాసిచ్చిన ఏప్రిల్‌లో ఇవ్వలేకపోతే మాత్రం అసలు రాయకపోవడమే నయం. మీ ఆర్డర్ల పరిస్థితి చూసుకుని, ఇవ్వగలనని నమ్మకం ఉన్న అంకె మాత్రమే రాయండి.

ఆటోనగర్‌లో_ఉంటున్నా

సార్, ఆ కుర్రాడికి ఇంకో మాట చెప్పండి. తిరిగి రావాలనిపిస్తే ఏ మెట్టు మీద తీసుకుంటారో ఇప్పుడే చెప్పి పంపండి. మేం తిరిగి రాకపోవడానికి పెద్ద కారణం అదే. మళ్లీ వెళ్లి అడిగితే లోకువ అవుతామని, ఉన్నదాని కంటే తక్కువ అంటారని. ఇక్కడ నాతో గదిలో ఉన్న ముగ్గురూ మన జిల్లాలవాళ్లే. రెండేళ్లలో ఇంటికి వెళ్లిపోవాలనే అందరికీ ఉంది.

క్యామ్ నేర్చుకుని వచ్చినవాడు మీకు ఇంకా ఎక్కువ పనికొస్తాడు కదా సార్.

నెల్లిమర్ల_షిఫ్ట్_ఇన్‌చార్జ్

పట్టిక మీరొక్కరే రాసి అతికించకండి. ఫోర్‌మన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. ఎవరికి ఏ పని వచ్చో మీకంటే అతనికే తెలుసు. క్యామ్ విషయంలో అతని మీద కోపం పెట్టుకోకండి. మెషిన్ ఖాళీగా ఉండకూడదని మీరే ఎప్పుడో అని ఉంటారు, అతను ఆ మాట నిలబెట్టాడు.

బొబ్బిలి_మెషిన్‌షాప్

నిజమే, ఆ మాట షాపులో బోర్డు మీదే రాసి ఉంది. ఈ ఉదయం ఫోర్‌మన్‌తో మాట్లాడాను. శనివారం మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని పట్టిక మొదలుపెడుతున్నాం. రోజుకి ఒక గంట క్యామ్ కంప్యూటర్ దగ్గర కూర్చోవడానికి ఎవరిని పంపాలో అతనే ఇద్దరి పేర్లు చెప్పాడు, అందులో ఒకరు నేను అనుకోని అమ్మాయి, ఇన్‌స్పెక్షన్‌లో గేజ్‌లు చూసుకునే డిప్లొమా పిల్ల. వెళ్తున్న కుర్రాడికి ఏ మెట్టు మీద తిరిగి తీసుకుంటామో పట్టిక పూర్తయ్యాక కాగితం మీద ఇస్తాను, అతని ఆఖరి పనిరోజుకి ఇంకా సమయం ఉంది.

పలాస మేడమ్, మీ తూకం చీటీ నమూనా ఒకటి ఇక్కడ పెట్టగలరా? ఆదివారం కాల్స్‌కి, ఓటీకి అలాంటి రెండు కాపీల చీటీ పెడదామని ఉంది.

పలాస_జీడిపప్పు

తప్పకుండా. రేపు యూనిట్‌కి వెళ్లగానే ఫోటో తీసి పెడతాను. కార్బన్ కాగితం ఉన్న చిన్న పుస్తకాలు, కాశీబుగ్గలో ప్రెస్ వాళ్ల చేత అచ్చు వేయించాం. తేదీ, పేరు, తూకం, రేటు, ఇద్దరి సంతకం. మీరు తూకం తీసేసి గంటలు అని పెట్టుకుంటే చాలు.